బొట్టు పెట్టిన కార్డు

తనూజ స్టేషన్ మెట్లెక్కేసరికి సీఐ వీరభద్ర టీ తాగుతున్నాడు. ఆమెను చూసి కూడా గ్లాసు కింద పెట్టలేదు.

"రామ్మా. కర్నూలు నుంచి బస్సులో వచ్చినావా, కార్లోనా?"

"బస్సులోనే సార్."

"ఇన్సూరెన్సు కంపెనీ కారిచ్చేది గదా."

"క్లెయిములు విచారించే ఆ ఉద్యోగం మానేసి నాలుగేండ్లయింది. ఇప్పుడు ఎవరు పిలిస్తే వాళ్ల పని. యేసుప్రసాద్‌తో మాట్లాడాల."

"మాట్లాడు. సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు పెడతాండాం, రిమాండు ఖాయం. ఆలోపల వాడు నీకేమన్నా కొత్తది చెప్తే నాకూ చెప్పు. మేము కూడా నేర్చుకుంటాం."

తనూజను కడపకు పిలిపించింది పద్మప్రియ. పద్మప్రియ భర్త ఉమామహేశ్‌కు ఊళ్లో ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బమ్‌లు చేసే షాపు ఉంది. విజయదశమి మర్నాడు, శుక్రవారం పొద్దున ఉమామహేశ్ వచ్చేసరికి షట్టర్ దించి ఉంది కానీ తాళం లేదు. లోపల ఆల్బమ్ డిజైనర్ ప్రదీప్‌కుమార్ చచ్చిపడి ఉన్నాడు. తల వెనక భాగం లామినేషన్ బల్ల అంచుకు కొట్టుకుంది. పక్కన కంప్యూటర్ కార్డు ఒకటి, అతని సంచిలో ఇంకొకటి ఉన్నాయి. ప్రాణం ముందురోజు సాయంత్రమే పోయిందని డాక్టర్లు చెప్పారు. అతని జేబులో దొరికిన తాళంచెవి షాపులో ఇంకో పనివాడు యేసుప్రసాద్‌ది. ఆ రోజే యేసుప్రసాద్‌ని పట్టుకున్నారు. "వాడు ఎవురినీ తోసే మనిషి కాదు మేడం, మీరొకసారి వచ్చి చూడండి" అని పద్మప్రియ ఫోన్‌లో చెప్పిన మాట మీదే తనూజ బయల్దేరింది.

యేసుప్రసాద్ గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. గోళ్ల సందుల్లో ఫ్లెక్సీ రంగు ఇంకా పోలేదు.

"నీ తాళంచెవి ప్రదీప్ జేబులోకి ఎట్లొచ్చింది?"

"నేనే ఇచ్చినా మేడం. మంగళవారం, పూజకు ముందు దినం."

"మరి పోలీసులకు మొదట ఇంట్లోనే ఉండాదని చెప్పినావంట?"

"భయపడినా. చెవి ఎవురికీ ఇయ్యొద్దని ఓనరు చెప్పినాడు. ఇన్నేండ్లలో ఒక్కసారి ఆ మాట తప్పినా."

"ఎందుకని అడగలేదా?"

"అడిగినా. పండగైనాక చెప్తాలే అన్నాడు. నవ్వుకుంటా అన్నాడు మేడం. దొంగతనానికి పోయేటోడు అట్ల నవ్వడు."

తలుపు దగ్గర నిలబడ్డ వీరభద్ర అందుకున్నాడు. "నవ్వుకు సెక్షన్ లేదప్పా."

"గురువారం సాయంత్రం యాడున్నావు?" తనూజ అడిగింది.

"ఇంట్లోనే. నా పెండ్లాం, పిల్లోళ్లు చూసినారు. వాళ్లు చెప్తే లెక్కలేదంట. మాకు ఆయుధపూజ లేదు గదా, అందుకని నేనే పోయుంటానంటాండారు."

"అంటే ఏంది సార్?" తనూజ వెనక్కి తిరిగింది.

"ఏముందమ్మా. నవమినాడు పూజ చేసి, మెయిన్ స్విచ్ ఆపేసి, షట్టర్ దించినారు. కెమెరా కూడా ఆగిపోయింది. దశమి దాటేదాకా వాళ్లలో ఎవురూ సామాన్లు ముట్టరు. ఆ పట్టింపు లేనిది ఈయనొక్కడికే."

"ప్రదీప్‌కూ పట్టింపు ఉండాది గదా సార్. ఆయన ముట్టినాడే. కార్డు పక్కనే పెట్టుకోని చచ్చిపోయినాడు."

వీరభద్ర టీ చివరి గుక్క తాగి గ్లాసు కిటికీలో పెట్టాడు. "ఇద్దరూ కలిసే వచ్చినారులేమ్మా. ఒకడు పీకేదానికి, ఇంకొకడు మోసేదానికి. పంచుకునే కాడ గొడవ. ఒకడు తోసినాడు, ఇంకొకడు పోయినాడు."

యేసుప్రసాద్ తల దించుకున్నాడు. "నన్ను ఏమన్నా అనండి సార్. చచ్చిపోయిన పిల్లోన్ని దొంగ అనొద్దు. వాళ్లమ్మ వేంపల్లెలో ఒక్కతే ఉండాది. ఊరంతా ఇప్పుడదే అంటాండారంట ఆమె ముందర."

తనూజ లేచింది. "ఆ రెండు కార్డులు చూడొచ్చా సార్?"

"చూడు. కవరు మాత్రం తెరవొద్దు."

కానిస్టేబుల్ రెండు పారదర్శకపు కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ గ్రాఫిక్స్ కార్డులే. కంప్యూటర్‌లో బొమ్మల పనీ, బరువైన లెక్కల పనీ మోసే భాగాలు. ఒకటి జానెడున్నర పొడవు, మూడు ఫ్యాన్లతో ఇటుకంత బరువు. షాపులో అందరికంటే వేగంగా పనిచేసే ప్రదీప్ కంప్యూటర్‌లోది. అది శవం పక్కన నేల మీద దొరికింది. రెండోది అరచేతి కంటే కొంచెం పెద్దది, ఒకటే ఫ్యాన్, పాతది. అది ప్రదీప్ భుజం సంచిలో దొరికింది. కంప్యూటర్ మూత తీసి ఉంది. కార్డు బిగించే చోటు ఖాళీగా ఉంది.

"పెద్దది ఊడబెరికి, దాని జాగాలో చిన్నది బిగించి మూత వేస్తే ఓనరుకు నెలదాకా తెలియదు," అన్నాడు వీరభద్ర. "చిన్నది ఇంకా సంచిలోనే ఉండాది. అంటే బిగించే లోపలే గొడవైంది. చిన్నపిల్లోనికి కూడా అర్థమైతాది."

తనూజ చిన్న కార్డు ఉన్న కవరును వెలుతురులోకి జరిపింది. కార్డు వీపు మీది లోహపు పలకకు గుండ్రంగా గంధం, గంధం మధ్యలో కుంకుమ. ఫ్యాన్ రెక్కల సందులో ఎండిన పసుప్పచ్చ చామంతి రేకు ఒకటి ఇరుక్కుని ఉంది. పెద్ద కార్డు వీపు మీద కూడా ఎర్రగా ఉంది కానీ అది వెలిసి, దుమ్ము పట్టిన పాత మరక.

"ఈ బొట్టు చూసినారా సార్?"

"చూసినా. ఇంట్లో పూజలో పెట్టుకోని తెచ్చినాడు. మంచి ముహూర్తం చూసుకోని దొంగతనానికి బయల్దేరేటోళ్లు శానామంది ఉంటారు. నువ్వు ఇన్సూరెన్సులో చూసుండవులే."

అప్పుడే తనూజ ఫోన్ మోగింది. ఆమె వరండాలోకి వచ్చింది.

మాట్లాడుతున్నది శ్రీవిద్య. కర్నూలులో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. ఖాళీగా ఉండే కంప్యూటర్లను సైన్సు లెక్కలకు ఉచితంగా అప్పిచ్చే ఒక బృందాన్ని ఈ జిల్లాల్లో ఆమే నడుపుతోంది. ఎక్కడో ఉన్న సర్వర్ పెద్ద లెక్కను ముక్కలు చేసి, వేలమంది ఇళ్లలోని కంప్యూటర్లకు పంచుతుంది. పిల్లల రక్త జబ్బుకు మందు వెతికే లెక్కలు అవి. ప్రదీప్ ఆ బృందంలో ఉన్నాడని తెలిసి, అతని ఖాతా చూసి చెప్పమని తనూజ పొద్దున బస్సెక్కే ముందు అడిగింది.

"ఆయన పేరుతో రెండు మిషన్లు ఉండాయి మేడం," అంది శ్రీవిద్య. "ఒకటి షాపుది. ఓనరు ఒప్పుకుంటే రాత్రిళ్లు దాన్ని మాకిచ్చేవాడు. రెండోది వేంపల్లెలో వాళ్లింటిది. ఆ ఇంటిదాంట్లో ఏదో తేడా ఉండాది."

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పండి."

"సర్వర్ పని ఊరికే పంచదు. మా నాయన బండికి బరువెక్కించే ముందు ఎద్దును చూసేవాడు. ఇదీ అంతే. మిషన్‌లో ఏ కార్డు ఉండాదో చూసి, వేగం కార్డుకు పెద్ద పని, నిదానం కార్డుకు చిన్న పని ఇస్తాది. నిదానం దానికి పెద్దది ఇస్తే గడువులోపల కాదు. వేంపల్లె మిషన్‌కు రెండేండ్లుగా చిన్న పనులే. మంగళవారం రాత్రి నుంచి ఉన్నట్టుండి అన్నీ పెద్ద పనులు. అన్నీ చేసి పంపింది. గురువారం మధ్యాహ్నం ఆగిపోయింది."

"అది వేంపల్లెలోనే ఉండాదని ఎట్ల తెలుసు?"

"ఇంటి ఇంటర్నెట్ నుంచే మాట్లాడింది మేడం. షాపు మిషన్ ఆ రోజులంతా ఆగే ఉండాది."

తనూజ వరండా స్తంభానికి చేయి ఆనించింది. "అంటే పెద్ద కార్డు ఆ రెండు దినాలు షాపులో లేదు. వేంపల్లెలో ప్రదీప్ ఇంట్లో ఉండాది."

"సర్వర్‌కు మనిషి తెలియదు మేడం. కార్డే తెలుసు. దాని లెక్కన అంతే."

కట్ అయిందేమోనని తనూజ ఫోన్ చూసుకుంది.

"పండగ సెలవులకని ఒక ప్రత్యేక పనుల కట్ట వచ్చింది మేడం," శ్రీవిద్య గొంతు తగ్గింది. "వేగం కార్డులకు మాత్రమే ఇచ్చేది. కాలేజీ ల్యాబులు ఖాళీగా ఉంటాయి గదా అని, 'ఈ పండక్కి ఎవరు ఎన్ని పెద్దవి చేస్తారో చూస్తా' అని గ్రూపులో రాసినా. షాపుల్లో ఆయుధపూజ చేస్తారని, ఆ దినాల్లో సామాను కదిలించరని నాకు తట్టలా. ఆయనేమో ఓనర్ని అడిగేదానికి లేదు. పూజనాడు పనిముట్టును పనిచేయిస్తానంటే ఎవురు ఒప్పుకుంటారు?"

"అందుకని చెప్పకుండా తీసుకపోయినాడు."

"చెయ్యకున్నా ఏమీ అయ్యేది కాదు మేడం. సర్వర్ ఆ పనిని ఇంకొకరికి ఇచ్చేది. ఆ మాట నేను ఒక్కసారి కూడా ఎవురికీ చెప్పలేదు. చెప్తే ఉత్సాహం పోతాదని." ఆమె ఆగింది. "ఎప్పుడో ఒకప్పుడు సొంతంగా పెద్ద కార్డు కొంటానని, దానికి సరిపడే పవర్ సప్లై ముందే కొని ఇంట్లో బిగించుకున్నాడు. ఫొటో తీసి నాకు పంపినాడు."

తనూజ లోపలికి వెళ్లి విన్నది విన్నట్టు చెప్పింది. వీరభద్ర కుర్చీలో వెనక్కి వాలాడు.

"యాడిదో సర్వర్ చెప్తే నేను కేసు మార్చుకోవాల్నా?"

"సర్వర్ ఒక్కటే కాదు సార్. ఆ చిన్న కార్డు మీద బొట్టు."

"ఇంట్లో పెట్టినాడని చెప్తిని గదా."

"ఇంట్లో పెట్టిందో, షాపులో పెట్టిందో ఆడికి పోతే తెలుస్తాది. మీరూ రండి."

"నేనెందుకు రావాల? నీ వెంట తిరిగేదానికా నాకు జీతం?"

"సాయంత్రం వకీలు ఈ బొట్టు సంగతే అడుగుతాడు. అప్పుడు మేజిస్ట్రేట్ ముందర మొదటిసారి ఆలోచించేకంటే ఇప్పుడే చూసుకుంటే మీకే మంచిది."

వీరభద్ర టోపీ తీసుకుని, కవర్లు రెండూ సంచిలో పెట్టమని కానిస్టేబుల్‌కు చెప్పాడు.

షాపు షట్టర్ సగం ఎత్తి ఉంది. ఉమామహేశ్ కౌంటర్ వెనక కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. పద్మప్రియ స్టూలు జరిపి తనూజకు వేసింది. తనూజ కూర్చోలేదు.

"ఉమామహేశ్‌గారూ, కార్డు మారినట్టు మీకెప్పుడు తెలిసింది?"

"శుక్రవారం పొద్దున్నే. శవాన్ని చూసినాక."

"అంతకుముందు అనుమానం రాలేదా?"

"లేదు మేడం. పూజ చేసి మూసినాం, మళ్లీ తెరిచింది శుక్రవారమే."

"గురువారం సాయంత్రం?"

"అమ్మవారి ఊరేగింపులో ఉన్నా. సార్‌కు చెప్పినా."

వీరభద్ర తలాడించాడు. తనూజ షాపు వెనక భాగానికి నడిచింది. ముందు నేలా, లామినేషన్ బల్ల అంచూ చూసింది. బల్లకూ కంప్యూటర్‌కూ మధ్య ఒక మనిషి కూర్చునేంత జాగా ఉంది. తోసిన మనిషి కౌంటర్ వైపు నుంచే వచ్చి ఉండాలి. అవతలి వైపు గోడే ఉంది.

తర్వాత ఆమె ఒక్కొక్క మిషన్ దగ్గరే ఆగుతూ పోయింది. ఫ్లెక్సీ ప్రింటర్‌కు బొట్టు. కట్టర్‌కు, లామినేటర్‌కు బొట్టు. కంప్యూటర్ పెట్టెలకు పైన బొట్టు. చివరికి గోడకు వేలాడే కత్తెరకు కూడా. ప్రతిచోటా గుండ్రంగా గంధం, గంధం మధ్యలో ఉంగరపు వేలితో అద్దిన కుంకుమ. ప్రతి బొట్టు పక్కనా ఎండిన చామంతి రేకు. పువ్వు ఎక్కడా లేదు.

"పూజ ఎవరు చేసినారమ్మా?"

"ఆయన టెంకాయ కొట్టినాడు," అంది పద్మప్రియ. "బొట్లు నేనే పెట్టినా."

"పువ్వులు పెట్టకుండా రేకులు పెట్టినారే?"

"పూలు చాలలేదు మేడం. ఫ్లెక్సీ మిషన్‌కు దండ వేసేసరికి రెండో మూడో మిగిలినాయి. ఏదీ వట్టిగా ఉండకూడదని రేకులు తుంచి తలా ఒకటి పెట్టినా." ఆమె కొంచెం సిగ్గుపడినట్టు చెప్పింది. "మా అత్త చూసుంటే ఒప్పుకునేది కాదు."

తనూజ కానిస్టేబుల్ చేతిలోంచి చిన్న కార్డు కవరు తీసుకుని ఆమె ముందు పట్టుకుంది. "ఇది మీరు పెట్టిన బొట్టేనా?"

పద్మప్రియ వంగి చూసింది. "నేను పెట్టిందే. రేకు కూడా. ప్రదీప్ మిషన్ లోపలుండేది ఇది."

వీరభద్ర ముందుకొచ్చాడు. "లోపలుండేదానికి మీరెట్ల పెట్టినారమ్మా? బయట పెట్టె మీద పెట్టేది గదా."

"ప్రదీప్ ప్రతేడూ మూత తీసి లోపల కార్డుకు పెట్టేవాడు సార్. 'అక్కా, పని చేసేది ఇది, పెట్టె కాదు' అని నవ్వేవాడు. ఈసారి పూజకు రాలేదు, ఊర్లో పనుండాదన్నాడు. వాడు లేకుంటే వాని మిషన్‌కు లోటు కాకూడదని నేనే మూత తీసి పెట్టినా. స్క్రూలు తీసేది కూడా ఆ పిల్లోడే నేర్పించినాడు."

వీరభద్ర కానిస్టేబుల్ చేతిలోని సంచి వైపు చూశాడు. నవమినాడు పొద్దున ఈ చిన్న కార్డు మిషన్‌లో ఉంది. అంటే గురువారం సాయంత్రం ప్రదీప్ పెద్ద కార్డును ఊడదీయడానికి రాలేదు. తన ఇంటి కార్డును తీసి సంచిలో వేసుకున్నాడు. షాపు కార్డును దాని చోట పెట్టబోతున్నాడు. ఈ సంగతి సీఐ ముఖంలోకి ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. ఎక్కాక ఆయన ఎవరినీ ఎగతాళి చేయలేదు.

తనూజకు మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది. అది అడగకుండా పోవాలని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. స్టూలు ఇంకా ఆమె కోసం అక్కడే ఉంది.

"పద్మప్రియా, కార్డు వేరేదని మీకు అప్పుడు తెలియలేదా?"

"పేర్లు నాకేం తెలుసు మేడం. పోయినేడు వాడు పెట్టేటప్పుడు చూసినా, మూడు ఫ్యాన్లుండె. ఈసారి ఒకటే ఉండాదేందని అడిగినా."

"ఎవరిని?"

"ఈయన్నే," అంది పద్మప్రియ మామూలుగా. "ఏమీ అనలేదు. దగ్గరికొచ్చి చూసి, మూత ఆయనే..."

మాట అక్కడ ఆగింది. పది నిమిషాల కింద భర్త ఇదే చోట కూర్చుని చెప్పిన జవాబు ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. శుక్రవారం పొద్దున్నే, శవాన్ని చూసినాక. ఆమె కౌంటర్ వైపు తిరిగింది. ఉమామహేశ్ ఆమెను చూడటం లేదు. బల్ల మీద వేలితో ఏదో తుడుస్తున్నాడు. అక్కడ ఏమీ లేదు.

"ఏమండీ, ఆ పొద్దు నేను చెప్పినా గదా మీకు?"

వీరభద్ర గొంతు సవరించుకున్నాడు కానీ తనూజ చెయ్యెత్తేసరికి ఊరుకున్నాడు.

"వాడింటికి పోయి అడుగుదామనుకున్నా," అన్నాడు ఉమామహేశ్ చివరికి. "పండగ పూట ఎందుకులే, శుక్రవారం అడుగుదాంలే అనుకున్నా. ఊరేగింపు నుంచి వస్తా చూస్తే షట్టర్ కింద వెలుతురు. లోపలికి పోయినా. మసకగా ఉండె. ఫోన్ లైటు నేల మీద పెట్టుకోని, కార్డు చేతిలో పట్టుకోని కూచోనుండాడు. ఉన్నది ఒకటి ఎత్తుకపోయి, మళ్లీ ఇంకోదాని కోసం వచ్చినాడనుకున్నా. 'పూజ పెట్టిన దాన్ని పీకుతాండావారా' అన్నా."

"ఆయనేమన్నాడు?" తనూజ అడిగింది.

"'పీకలేదన్నా, పెడతాండా' అన్నాడు." ఉమామహేశ్ వేలు ఆగిపోయింది. "రెండుసార్లన్నాడు. లేచి కార్డు చూపియ్యబోయినాడు. నేను ఇన్లేదు. తోసినా. ఒక్క తోపే మేడం. వాడు పడిన చప్పుడు విని కూడా లేస్తాడనే అనుకున్నా."

"యేసుప్రసాద్‌ని తీసుకపోతాంటే చూస్తా ఉన్నావే," అన్నాడు వీరభద్ర. ఆ గొంతులో పోలీసు గొంతు లేదు.

"ప్రతి గంటా చెప్దామనే అనుకున్నా సార్. ఈమె మేడమ్‌ను పిలిపిస్తానంటే వద్దనలేకపోయినా. వచ్చి కనుక్కుంటే బాగుండునని కూడా అనిపించింది. కనుక్కోకుంటే బాగుండునని కూడా."

వీరభద్ర బయటికి వెళ్లి స్టేషన్‌కు ఫోన్ చేశాడు. యేసుప్రసాద్ కాగితాలు కోర్టుకు పంపొద్దని, అతనికి భోజనం పెట్టించమని చెప్పడం లోపలికి వినిపించింది. తర్వాత, వేంపల్లెకు ఎవరినన్నా పంపి ప్రదీప్ తల్లికి సంగతి చెప్పమన్నాడు. కొంచెం ఆగి, "ఒద్దులే, నేనే పోతా" అన్నాడు.

ఉమామహేశ్ లేచి నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి షాపు తాళంచెవి తీసి కౌంటర్ మీద పెట్టాడు. పద్మప్రియ దాన్ని ముట్టలేదు. ఆమె తనూజ చేతిలోని చిన్న కార్డునే చూస్తోంది.

"మేడం," అంది, "వాడు ఆ పెద్దదాన్ని తెచ్చి ఇయ్యకుండా ఉంచుకోనుంటే బతికుండేటోడు గదా."

తనూజ కవరును కానిస్టేబుల్‌కు తిరిగి ఇచ్చింది. రెక్కల సందులోని చామంతి రేకు ఆ కదలికకు ఊడి, కవరు అడుక్కు జారింది.